సవరణ

మా పత్రికకు నాలుగే పేజీలు.
ఆఫీసంటే జిమ్ వెనక, మెట్ల కింద గది.
జులైలో ఇలోయిలో వాన మొదలైతే
పైన బంతి చప్పుడేదో వాన చప్పుడేదో
మాకు తెలిసేది కాదు.

నా పని అచ్చుతప్పులు చూడటం.
తప్పు మిగిలితేనే
నేనొకణ్ణి ఉన్నానని తెలిసే పని.

ఆ ఏడు జెస్సాలిన్ ఒక రసీదు పట్టుకొచ్చింది.
ప్రయోగశాల రుసుము, ఎనిమిది వందల పేసోలు.
"ల్యాబు ఎప్పుడైనా చూశావా?" అంది.
నాది చరిత్ర. చూడలేదు.
కెమిస్ట్రీ వాళ్లనడిగాం.
వాళ్లూ చూడలేదు.

పదకొండు రోజులు తిరిగింది.
రిజిస్ట్రార్ గారు మీటింగులో ఉన్నారు.
రిజిస్ట్రార్ గారు మనీలాలో ఉన్నారు.
రిజిస్ట్రార్ గారు ఇప్పుడే అటు వెళ్లారు.
చివరికి నోరు విప్పింది
తుడుపుకర్ర పట్టుకున్న మనిషి:
"మూడేళ్లుగా ఆ తలుపు ముందే తుడుస్తున్నా.
లోపల తుడవమని ఎవరూ తాళం ఇవ్వలేదు."

అంతే, రెండు ముక్కలు.
మొదటి పేజీ మొత్తం వాటి మీదే నిలబడింది.

రాత్రి రెండింటికి మా సంపాదకుడు ఫిడెలినో
"పేరు వెయ్యొచ్చా?" అన్నాడు.
జెస్సాలిన్ అప్పటికే రెండుసార్లు అడిగొచ్చింది.
వెయ్యమందట.
చల్లారిన బాచోయ్ గిన్నెల మధ్య కూర్చుని
ఫీజుల లెక్క ఐదుసార్లు చూశాను.
పేసోల పక్కన చుక్కలు చూశాను.
ఉపకులపతి బిరుదులు ఏడూ
వరస తప్పకుండా ఉన్నాయో లేదో చూశాను.

సోమవారం పన్నెండు వందల కాపీలు
మధ్యాహ్నానికల్లా మాయం.
సంబరపడ్డాం.
కొన్ని తర్వాత దొరికాయి,
పాలనా భవనం వెనక డ్రమ్ములో, సగం కాలి.

మంగళవారం ఆమె వచ్చింది.
తడి చెప్పులు బయట విడిచి, మెట్ల కింద తల వంచి.
అందరం లేచి నిలబడ్డాం.
పని పోయిందనుకున్నాం,
తిట్టిపోయడానికి వచ్చిందనుకున్నాం.
పత్రిక బల్ల మీద పరిచి
బ్లీచింగుకి తెల్లబడిన వేలిగోరుతో
ఒక్కచోట నొక్కి పట్టింది.

"ఎస్కొలాస్తికా. ఎస్కలాస్తికా కాదు.
మీరు మింగిన ఆ గుండ్రటి అక్షరం
మా అమ్మమ్మ నాకిచ్చింది.
పని పోతే పోనీ బాబూ,
నా పేరుతో పోనీ.
ఇంకెవరి పేరుతోనో పోతే ఎట్లా?"

నేను తలెత్తలేదు.
బిరుదులు ఏడూ సరిగ్గానే ఉన్నాయి.

తర్వాతి కథ మీరు ఊహించుకునేంత బాగా జరగలేదు.
మాకిచ్చే నిధులు ఆపారు. కమిటీ వేశారు.
ఒక గురువారం ల్యాబు తెరిచి ఫొటోలు దిగారు.
శుక్రవారానికి కొత్త తాళం.
రసీదు మీద మాట మారింది,
అంకె మారలేదు.
ఆమెను తోటపనికి మార్చారు, ఎండలోకి.

ఆగస్టు సంచిక జిరాక్సు తీశాం.
ఒకే కాగితం, రెండు వైపులా,
ట్రైసికిల్ ఎక్కకుండా నడిచి మిగిల్చిన డబ్బుతో.
సవరణలు ఎప్పుడూ కింద మూలనే కదా అన్నాడు ఫిడెలినో.
జెస్సాలిన్ వినలేదు.
పత్రిక పేరు కంటే పైన పెట్టించింది:

*గత సంచికలో శ్రీమతి ఎస్కొలాస్తికా గుంబన్ గారి పేరు
తప్పుగా అచ్చయింది.
ఆమె చెప్పిన మాటలో తప్పు లేదు.*

ఆ చివరి వాక్యం నాది.
నాలుగేళ్లలో నేను సొంతంగా రాసింది అదొక్కటే.
దాన్ని ఆమె మందుల చీటీతో పాటు
ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగేది.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలు
ప్రపంచాన్ని కుదిపేద్దామని వస్తారు.
మంచిదే అంటాను.
ముందు క్యాంటీనుకి పంపుతాను:
గిన్నెలు కడిగే మనిషి పేరు అడుగు,
అక్షరం అక్షరం రాసుకో,
రాసింది ఆమెకి తిరిగి చదివి వినిపించు.
నవ్వుతారు. ఐదు నిమిషాల్లో వచ్చేస్తారు.

మొన్న ఒక కుర్రాడు
గంట దాటినా రాలేదు.
వచ్చాక ఏమైందని అడిగితే
తడిసిన నోటుబుక్కు చూపించి,
"పేరు చెప్పాక, అన్నా,
ఆమె ఇంకా చెబుతూనే ఉంది" అన్నాడు.